రిమోట్ మీద ఆ 18 ఎక్కడి నుంచి వచ్చింది?

ఇవాళ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఏసీ కొనడానికి షాపుకి వెళ్తే అక్కడ మొట్టమొదట ఏం అడుగుతారు? "టన్నా సార్, టన్నున్నరా?" అంటారు. మనం కూడా "గది పదికి పన్నెండు ఉంటుందండి, టన్ను సరిపోతుందా?" అని తెలిసినట్టే మాట్లాడేస్తాం. అసలు ఆ టన్ను ఏంటి? ఆ డబ్బా బరువైతే టన్ను ఉండదు కదా. ఇద్దరు కుర్రాళ్లు మెట్ల మీదుగా మోసుకొచ్చి గోడకి బిగించి వెళ్లిపోతారు.

ఆ టన్ను ఐసుది అండి. ఒక టన్ను ఐసు 24 గంటల్లో పూర్తిగా కరగడానికి చుట్టుపక్కల నుంచి ఎంత వేడి లాక్కుంటుందో, అంత వేడిని గదిలోంచి బయటికి తోసే మెషీన్‌ని టన్ను మెషీన్ అన్నారు. అది అమెరికా టన్ను, అంటే సుమారు 907 కిలోలు. ఆ లెక్కన టన్నున్నర ఏసీ రోజంతా ఫుల్లుగా నడిస్తే, మీ బెడ్‌రూమ్‌లో దాదాపు 1360 కిలోల ఐసు కరిగినంత పని చేసినట్టు.

మరి ఐసుతో ఎందుకు కొలిచారు? మెషీన్ రాకముందు చల్లదనం అంటే ఐసు వ్యాపారమే కాబట్టి. అమెరికాలో బోస్టన్‌కి చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి చలికాలంలో గడ్డకట్టిన చెరువుల్లోంచి ఐసు కోయించి, పొట్టులో కప్పి, ఓడల్లో దేశదేశాలకు అమ్మేవాడు. 1833లో ఆయన ఐసు కలకత్తా చేరింది. దారిలో కొంత కరిగిపోయినా, మిగిలినదాన్ని అమ్ముకున్నాడు. ఆ ఐసు దాచడానికి మద్రాసులో 1842లో ఒక పెద్ద భవనం కట్టారు. మెరీనా బీచ్ ఎదురుగా ఇప్పటికీ ఉంది. స్వామి వివేకానంద 1897లో అక్కడ కొన్ని రోజులు ఉన్నారు కాబట్టి ఇప్పుడు దాన్ని వివేకానంద హౌస్ అంటున్నారు. పాత పేరు మాత్రం ఐస్ హౌసే.

ఐసు కొనలేనివాళ్లకి వట్టివేళ్ల తడకలు ఉండేవి. కిటికీకి కట్టి నీళ్లు చల్లితే వడగాలి కూడా చల్లబడి, మంచి వాసనతో లోపలికి వచ్చేది. దొరల బంగళాల్లో అయితే పైకప్పు నుంచి పెద్ద గుడ్డ పంకా వేలాడేది. దానికి కరెంటు లేదు. బయట వరండాలో ఒక మనిషి కూర్చుని తాడు లాగుతూ ఉండాలి. లోపల దొరగారికి చల్లగా ఉంటే, బయట ఆ మనిషికి చెమటలు కారుతుంటాయి. ఈ బొమ్మ కాస్త గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఇవాళ్టి ఎపిసోడ్‌లో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. రిమోట్ మీద మనం నొక్కే నంబరు మన ఒంటిని అడిగి పెట్టింది కాదు. అది ఎవరి కోసం పుట్టింది, మన దాకా ఎలా వచ్చింది, దాని ఖర్చు ఎవరు కడుతున్నారు, ఇదే మన కథ.

మొదటి ఏసీ మనుషుల కోసం కాదు

1902. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్. సాకెట్ విల్‌హెల్మ్స్ అనే ప్రింటింగ్ కంపెనీకి ఒక తలనొప్పి. రంగుల పేజీ ప్రింట్ చేయాలంటే ఒకే కాగితం మీద ఒక రంగు తర్వాత ఇంకో రంగు వేయాలి. ఎండాకాలం గాలిలో తేమ ఎక్కువై కాగితం కొంచెం సాగుతుంది. తేమ తగ్గితే మళ్లీ కుంచించుకుపోతుంది. దాంతో రెండో రంగు మొదటి రంగు మీద సరిగ్గా కూర్చోదు. బొమ్మలో పెదవి ఒకచోట, ఎరుపు ఇంకోచోట.

ఈ సమస్య విల్లిస్ క్యారియర్ అనే ఇంజినీర్ దగ్గరకు వచ్చింది. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లు. కాలేజీ అయిపోయి ఒక్క ఏడాదే అయింది. మనలో చాలామంది ఆ వయసులో ఫ్రెషర్ ట్రైనింగ్‌లో ఉంటాం! చల్లటి నీళ్లు పారే పైపుల మీదుగా గాలిని పంపితే, ఐస్ వాటర్ గ్లాసు బయట నీటి చుక్కలు పట్టినట్టే, గాలిలో ఉన్న తేమ ఆ పైపుల మీద నీరుగా మారిపోతుందని ఆయన లెక్క వేశాడు. ప్రెస్ గదిలో గాలి తేమని 55 శాతం దగ్గర నిలబెట్టడం లక్ష్యం. గాలి చల్లబడటం ఆ పనిలో భాగంగా వచ్చిన ఫలితం.

అంటే ఈ రోజు మన గోడ మీద ఉన్న మెషీన్‌కి తాత లాంటి ఆ మెషీన్ చల్లబరిచింది ఎవర్ని? కాగితాన్ని.

"ఎయిర్ కండిషనింగ్" అనే పేరు కూడా మనుషుల వల్ల రాలేదు. 1906లో స్టువర్ట్ క్రామర్ అనే టెక్స్‌టైల్ ఇంజినీర్ ఆ మాట వాడాడు. నూలు మిల్లుల్లో గాలి పొడిగా ఉంటే దారం తెగిపోతుంది. అందుకని ఆయన గాలికి తేమ కలిపేవాడు. మొదట కాగితం, తర్వాత దారం. మనిషి వంతు ఇంకా రాలేదు.

చల్లదనాన్ని టికెట్ పెట్టి అమ్మారు

మనిషి వంతు సినిమా హాల్లో వచ్చింది. అప్పట్లో అమెరికాలో ఎండాకాలం అంటే థియేటర్లకు డల్ సీజన్. కిటికీలు లేని హాల్లో వందల మంది మధ్య ఉక్కపోతలో ఎవరు కూర్చుంటారు? 1925లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోని రివోలి థియేటర్‌లో క్యారియర్ తన కొత్త కూలింగ్ మెషీన్ బిగించాడు. జనం అలవాటు కొద్దీ విసనకర్రలు తెచ్చుకున్నారట. హాలు చల్లబడే కొద్దీ ఒక్కో విసనకర్ర ఆగిపోయిందని క్యారియర్ తర్వాత గుర్తుచేసుకున్నాడు.

అక్కడి నుంచి చల్లదనం అమ్ముడుపోయే సరుకు అయింది. థియేటర్ల బయట మంచు ముద్దలు వేలాడుతున్నట్టు అక్షరాలు రాసి బోర్డులు పెట్టారు. మన దగ్గర కూడా థియేటర్ పేరు పక్కన "ఏసీ" అని రాయడం ఒక హోదా. ఇక్కడే ఒక చిన్న తిరకాసు ఉంది. హాయిగా ఉంటే సరిపోయే దగ్గర "వణుకు పుట్టాలి, అప్పుడే పైసా వసూల్" అనే ఆలోచన మొదలైంది. ఇప్పటికీ చూడండి, షోరూమ్‌లోకి అడుగుపెట్టగానే చలి కొట్టకపోతే "వీళ్ల ఏసీ పనిచేయట్లేదు" అనుకుంటాం.

కోటు వేసుకున్న లెక్క

ఆ తర్వాత ఏసీ ఆఫీసుల్లోకి వచ్చింది. ఆఫీసులో ఎంత పెట్టాలి అన్న ప్రశ్న పుట్టింది. ఇంజినీర్లకి ఫార్ములా కావాలి కదా. 1941లో అమెరికాలో ముగ్గురు శాస్త్రవేత్తలు బట్టల వెచ్చదనాన్ని కొలవడానికి "క్లో" అనే యూనిట్ తయారుచేశారు. ఒక క్లో అంటే సుమారుగా ఒక బిజినెస్ సూటు వేసుకున్నంత వెచ్చదనం. అది వేసుకుని ఊరికే కూర్చున్న మనిషికి హాయిగా ఉండే గది ఎన్ని డిగ్రీలు? 21.

చూశారా? 21 అనేది లుంగీ, బనీను లెక్క కాదు, కాటన్ చీర లెక్క కూడా కాదు. కోటు, ప్యాంటు, షూ లెక్క.

1970లో ఓలే ఫాంగర్ అనే డెన్మార్క్ ప్రొఫెసర్ "థర్మల్ కంఫర్ట్" అనే పుస్తకం వేశారు. గది వేడి, తేమ, గాలి వేగం, బట్టలు, ఒంట్లో పుట్టే వేడి, అన్నీ కలిపి మనిషికి ఎలా అనిపిస్తుందో చెప్పే సమీకరణం అందులో ఉంది. గొప్ప పని. కాకపోతే దాని వెనక ఉన్న ప్రయోగాలు ఎక్కువగా అమెరికా, డెన్మార్క్ కాలేజీ విద్యార్థుల మీద, మూసిన గదుల్లో జరిగాయి. ప్రపంచం మొత్తం ఆఫీసు బిల్డింగులు ఆ పద్ధతిలోనే డిజైన్ అయ్యాయి. 2015లో ఇద్దరు డచ్ పరిశోధకులు ఇంకో విషయం బయటపెట్టారు. ఒంట్లో పుట్టే వేడికి ఈ లెక్కల్లో వాడుతున్న విలువ సుమారు 40 ఏళ్ల, 70 కిలోల మగవాడిది. ఆడవాళ్ల విషయంలో అది 35 శాతం దాకా ఎక్కువ చూపించవచ్చని వాళ్లు చెప్పారు.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన రోజుల్లో మే నెలలో కూడా మా ఫ్లోర్‌లో సగం మంది అమ్మాయిల కుర్చీలకి స్వెటర్లు వేలాడుతుండేవి. బయట 42 డిగ్రీలు. లోపల హుడీ. ఫెసిలిటీస్ వాళ్లని అడిగితే "సెంట్రల్ సెట్టింగ్ అండి, మా చేతిలో లేదు" అనేవాళ్లు. నిజమే, ఆ సెట్టింగ్ వెనక ఇంత చరిత్ర ఉంది మరి.

హైదరాబాద్‌ని అడిగితే ఏం చెప్పింది?

ఇప్పుడు ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం. 2008 ఎండాకాలం, వానాకాలంలో మాధవి ఇంద్రగంటి అనే పరిశోధకురాలు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఒక సర్వే చేశారు. ల్యాబ్‌లో కాదు, మామూలు ఇళ్లలో. వందమందికి పైగా మనుషులు. గదిలో వేడి, తేమ కొలుస్తూ, "ఇప్పుడు మీకు ఎలా ఉంది?" అని అడుగుతూ మొత్తం 3962 రికార్డులు సేకరించారు.

అప్పటి మన దేశపు కోడ్ ప్రకారం హాయిగా ఉండాల్సిన వేడి 23 నుంచి 26 డిగ్రీలు. హైదరాబాద్ జనం చెప్పింది వేరు. వాళ్లకి 26 నుంచి సుమారు 32 డిగ్రీల దాకా పర్వాలేదు. వేడీ కాదు, చలీ కాదు అనిపించిన చోటు 29.23 డిగ్రీలు.

29! మన ఏసీ రిమోట్‌లో ఆ నంబరు ఉందన్న సంగతే చాలామందికి తెలీదు.

ఇది ఏదో మ్యాజిక్ కాదు. ఫ్యాన్ తిరుగుతుంటే చెమట త్వరగా ఆరుతుంది, ఒంటికి కొన్ని డిగ్రీలు తక్కువ ఉన్నట్టే అనిపిస్తుంది. మనం పలచటి బట్టలు వేసుకుంటాం, సాయంత్రం కిటికీలు తెరుస్తాం, చల్లటి గచ్చు మీద పడుకుంటాం. ఎండాకాలం గడిచే కొద్దీ ఒళ్లు కూడా అలవాటు పడుతుంది. ఇలాంటి సర్వేలు దేశంలో వేరే ఊళ్లలోనూ జరిగాయి. అహ్మదాబాద్‌లోని సెప్ట్ యూనివర్సిటీ మన వాతావరణానికి తగ్గ కంఫర్ట్ మోడల్ ఒకటి తయారుచేసింది. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో దానికి చోటు దొరికింది.

అయితే ఏసీ తీసేయాలా?

అస్సలు కాదు. ఈ మాట గట్టిగా చెప్తాను. "మా తాతల కాలంలో ఏసీలు ఉన్నాయా?" అనే వాట్సాప్ ఫార్వర్డ్‌లు నమ్మకండి. 2015 మే నెల గుర్తుందా? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలో కలిపి వడదెబ్బకి చనిపోయినవాళ్ల సంఖ్య వెయ్యి దాటింది. ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, ముసలివాళ్లు. అమెరికాలో కొందరు ఆర్థికవేత్తలు 20వ శతాబ్దపు మరణాల లెక్కలు తీసి చూశారు. బాగా వేడి ఉన్న రోజుల్లో చనిపోయేవాళ్లు మూడొంతులు తగ్గిపోయారు. ఇళ్లలోకి ఏసీ రావడమే దానికి ముఖ్య కారణమని తేల్చారు.

ఫ్యాన్‌కి కూడా ఒక హద్దు ఉంది. గది 40 దాటితే అది వేడి గాలినే మొహాన కొడుతుంది. అలాంటి రోజున ఇంట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఉంటే ఏసీ విలాసం కాదు, మందు. బిల్లుకి భయపడి అమ్మమ్మ గదిలో ఏసీ కట్టేయకండి.

మందు అన్నాక మోతాదు ఉంటుంది కదా. మన ఇళ్లలోని మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకోదు. ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, తేమ లాగేస్తుంది. రాత్రంతా తలుపులు బిగించి బాగా తక్కువలో పెడితే, పొద్దున్నే గొంతు ఎండిపోవడం, కళ్లు మంట, ఒళ్లు పొడిబారడం చాలామందికి అనుభవమే. ఫిల్టర్‌లో దుమ్ము పేరుకుంటే అదే దుమ్ము ముక్కులోకి. పెద్ద బిల్డింగుల విషయం ఇంకా సీరియస్. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో మాజీ సైనికుల సభ జరిగింది. తర్వాత పాతిక మందికి పైగా న్యుమోనియాతో చనిపోయారు. కొన్ని నెలలు వెతికాక అప్పటిదాకా తెలియని ఒక బ్యాక్టీరియా దొరికింది. హోటల్ ఏసీకి సంబంధించిన కూలింగ్ టవర్ నీటి నుంచి అది వ్యాపించి ఉంటుందని అనుమానం. ఆ జబ్బుకి లీజనెయిర్స్ అనే పేరు ఆ సభ నుంచే వచ్చింది. ఏసీ చెడ్డదని కాదు, శుభ్రం చేయని ఏసీ చెడ్డదని దీని అర్థం.

వేడి ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు ఆ పంకా లాగే మనిషిని మళ్లీ గుర్తుచేసుకోండి. ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు. గదిలోని వేడిని ఎత్తి బయట పోస్తుంది. దాంతో పాటు కంప్రెసర్ తిన్న కరెంటు కూడా వేడిగా మారి బయటికే పోతుంది. అవుట్‌డోర్ యూనిట్ ముందు ఒక్క నిమిషం నిలబడితే తెలుస్తుంది. అమెరికాలోని ఫీనిక్స్ నగరం మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏసీలు వదిలే వేడి వల్ల రాత్రిపూట కొన్ని చోట్ల ఒక డిగ్రీకి పైగా వేడి పెరుగుతుందని తేలింది.

ఆ డిగ్రీ ఎవరి మీద పడుతుంది? ఏసీ గదిలో ఉన్నవాళ్ల మీద పడదు. సందులో రేకుల ఇంట్లో పడుకున్నవాళ్ల మీద, గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న వాచ్‌మెన్ మీద, రాత్రి పదకొండుకి మన బిర్యానీ తెచ్చే డెలివరీ కుర్రాడి మీద పడుతుంది. తాడు లాగే పని పోయింది, బయట కూర్చున్న మనిషి మాత్రం అలాగే ఉన్నాడు.

ఇక కరెంటు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క ప్రకారం ఒక్క డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు సుమారు 6 శాతం మిగులుతుంది. 20 నుంచి 24కి వస్తే దాదాపు పావు వంతు. అదీ రోజూ, సీజన్ అంతా. 2024 మే 30న మన దేశంలో కరెంటు డిమాండ్ 250 గిగావాట్లు తాకింది, అప్పటికి అదే రికార్డు. ఆ కరెంటులో పెద్ద వాటా ఇప్పటికీ బొగ్గుదే. అందుకే 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 చూపించాలని రూల్ పెట్టారు. 2025 జూన్‌లో కేంద్ర మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ ఇంకో ప్రతిపాదన చెప్పారు: కొత్త ఏసీల్లో 20 కంటే కిందికి, 28 కంటే పైకి పోకుండా చేయాలని. వెంటనే సోషల్ మీడియాలో గొడవ, "నా బిల్లు నేను కట్టుకుంటా, మీకేంటి?" అని.

ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ బిల్లులో యూనిట్ల ధర ఉంటుంది గానీ, సందులో పెరిగిన వేడి ధర ఉండదు. లోపలున్న గ్యాస్ ధర కూడా ఉండదు. కొత్త ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్ లీకైతే, వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 675 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది.

జపాన్ వాళ్లు దీన్ని వేరేలా పట్టుకున్నారు. 2005లో ప్రభుత్వం "కూల్ బిజ్" అని ఒక ఉద్యమం మొదలుపెట్టింది. ఎండాకాలం ఆఫీసుల్లో 28 డిగ్రీలు పెట్టండి, బదులుగా టై, కోటు తీసేయండి అని. మంత్రులే టై లేకుండా టీవీల్లో కనిపించారు. చూడండి, నంబరు మార్చడానికి ముందు బట్టలు మార్చారు. ఎందుకంటే ఆ నంబరు పుట్టిందే కోటు నుంచి.

మరి మనం ఏం చేద్దాం?

సింపుల్‌గా చెప్తాను. 18 పెట్టి రగ్గు కప్పుకుని పడుకుంటున్నారంటే, మీ ఒళ్లే మీకు చెప్తోంది అది ఎక్కువైందని. 26 పెట్టి, సీలింగ్ ఫ్యాన్ మెల్లగా తిప్పి వారం రోజులు చూడండి. ఫ్యాన్‌కి 70, 80 వాట్లు చాలు, టన్నున్నర ఏసీ ఫుల్లుగా నడిస్తే 1500 వాట్ల దాకా తీసుకుంటుంది.

"త్వరగా చల్లబడాలని 16 పెడతా" అనే మాట చాలా చోట్ల వింటాం. గది 34 ఉన్నప్పుడు 16 పెట్టినా 26 పెట్టినా మొదట్లో ఏసీ దాదాపు ఒకేలా పనిచేస్తుంది. తేడా ఎక్కడొస్తుందంటే, 16 పెట్టినప్పుడు అది ఎక్కడ ఆగాలో తెలియక కొట్టుకుంటూనే ఉంటుంది.

ఫిల్టర్ సీజన్‌లో రెండు వారాలకోసారి తీసి కుళాయి కింద కడగండి, ఆరాక పెట్టండి. పొద్దున్నే కాసేపు కిటికీలు తెరవండి. మెకానిక్ ప్రతి ఏడాదీ "గ్యాస్ నింపాలి" అంటే ఆగండి. గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు, మూసిన పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే లీక్ ఉన్నట్టే. ముందు లీక్ పట్టుకోమనండి, తర్వాతే గ్యాస్. పడమటి కిటికీకి బయట నీడ ఉండేలా ఏదైనా కట్టండి. ఎండ లోపలికి వచ్చాక దాన్ని బయటికి తోయడం కంటే, రాకుండా ఆపడం చవక.

124 ఏళ్ల కిందట ఒక కుర్ర ఇంజినీర్ ముందుగా అడిగిన ప్రశ్న "ఈ కాగితానికి ఎంత కావాలి?" అని. కాగితాన్ని కూడా అంత జాగ్రత్తగా అడిగి, కొలిచి, ఆ తర్వాతే మెషీన్ కట్టాడు. మన ఒంటిని మనం అంతమాత్రం అడగలేమా? ఇవాళ రాత్రి రిమోట్ చేతిలోకి తీసుకునే ముందు ఒక్కసారి అడిగి చూడండి. మీ ఇంట్లో ఏ నంబరు దగ్గర అందరికీ హాయిగా ఉందో కామెంట్‌లో రాయండి, మన ఊళ్ల లెక్క మనమే తేల్చుకుందాం. ఉంటానండి.